టైంప్లీజ్ లేని ఆటలు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో ముందు వరస ఎప్పుడూ ఖాళీయే, అక్కడ కూర్చుంటే మధ్యలో లేచి వెళ్లడానికి మొహమాటం. నేనివాళ మాట్లాడబోయేది కూడా ఆ మధ్యలో లేచి వెళ్లడం గురించే కాబట్టి, ఎవరికైనా పనుంటే నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. (నవ్వులు)

నాకిచ్చిన అంశం ఆటలు, ఆధునిక సంస్కృతి. హైదరాబాద్‌లో ఆటల మీద మాట్లాడమంటే గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలవడం దగ్గర మొదలుపెట్టి, సైనా లండన్ పతకం, సింధు రియో పతకం అంటూ గంట సులువుగా గడిపేయొచ్చు, చప్పట్లు కూడా బాగా పడతాయి. కానీ నాకు ఆ ఆటలకంటే, మనం ఆట అని పిలవని చోట్ల నడుస్తున్న ఆటల మీద కుతూహలం ఎక్కువ. ఫోన్లో కరెంటు బిల్లు కడితే గీకమని ఒక కార్డు వస్తుంది, గీకితే "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్" అంటుంది. కరెంటు బిల్లు కట్టినందుకు నాకు లక్కేంటండీ? నేనేమన్నా లాటరీ కొన్నానా? వేరే భాష నేర్చుకుందామని యాప్ వేసుకుంటే, నిన్న రాలేదు కాబట్టి నీ స్ట్రీక్, అంటే రోజూ వరసగా వచ్చిన లెక్క, పోయిందని ఏడుపుమొహం పెడుతుంది. అప్పు తీసుకున్నా ఒక స్కోరు, ఆటో ఎక్కినా ఒక రేటింగు. పైగా రేటింగు ఆటో అతనికే కాదు, ఎక్కిన మనకి కూడా.

సరే, ముందు మామూలు ఆట సంగతి చూద్దాం. మల్కాజిగిరిలోనో బర్కత్‌పురాలోనో ఒక గల్లీ అనుకోండి, ఆదివారం పొద్దున. ఒక పక్క వరసగా కార్లు, ఇంకో పక్క మోరీ, పాత ప్లాస్టిక్ కుర్చీ వికెట్టు. రూల్స్ చూడండి. నేరుగా గోడ దాటితే ఔట్. ఒక టప్పా పడ్డాక ఒంటిచేత్తో పట్టినా ఔటే. మోరీలో పడితే రెండు పరుగులు, బాల్ కడగాల్సింది మాత్రం ఫీల్డింగ్ వాళ్లు. ఫలానా మేడ మీద పడితే ఔటవడమే కాదు, కొట్టినవాడే వెళ్లి తేవాలి, ఎందుకంటే ఆ ఇంటి ఆంటీ బాల్ ఇచ్చే ముందు అందరి తల్లిదండ్రుల్నీ తలుచుకుంటుంది. ఎల్‌బీడబ్ల్యూ లేదు. అంపైర్‌గా నిలబడేది బ్యాటింగ్ టీమువాడే కాబట్టి ఆ రూలు గానీ పెట్టుకున్నారంటే చీకటి పడేదాకా తగువే. మొదటి బాల్ ట్రయల్.

ఇవన్నీ ఏ క్రికెట్ బోర్డూ రాసివ్వలేదు. గల్లీ వెడల్పును బట్టి, ఆంటీ కోపాన్ని బట్టి, ఆ పూట ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి పుట్టినవి. పక్క గల్లీకి వెళ్తే వేరే రూల్స్, అక్కడికి ఆడ్డానికి వెళ్లినవాడు ముందు పది నిమిషాలు వాటి గురించే మాట్లాడి గానీ బ్యాటు ముట్టుకోడు. అంటే ఆడేవాళ్ల చేతిలోనే రూల్స్ ఉన్నాయన్నమాట. వాళ్లకి నచ్చకపోతే మార్చుకుంటారు, మార్చేటప్పుడు అరుచుకుంటారు, చివరికి ఎలాగో ఒక ఒప్పందానికొస్తారు.

ఇంకో రెండు ఏర్పాట్లు చూడండి, పెద్దవాళ్లం మనం ఎక్కడా చేసుకోలేకపోయినవి. ఒకటి, ఆటలో అరటిపండు. ఆడేవాళ్లలో ఒకడి ఇంట్లో చిన్నోడు నేనూ ఆడతానని ఏడుస్తూ వస్తాడు. వాడికి ఆడ్డం రాదు, పంపించేస్తే అమ్మతో చెప్తాడు. అందుకని వాడు అరటిపండు. పరిగెడతాడు, బాల్ తెస్తాడు, ఆఖర్లో నాలుగు బాల్స్ ఆడనిస్తారు, ఔటైనా ఔట్ కాదు. వాడి పరుగులు లెక్కలోకి రావు గానీ వాడు మాత్రం ఆటలో ఉన్నాడు. రెండోది టైంప్లీజ్. దొంగ తరుముకొస్తున్నాడు, చెయ్యి చాపితే దొరికిపోతావు, అప్పుడు రొప్పుతూ టైంప్లీజ్ అంటావు. అంటే వాడు ఆగిపోవాలి. చెప్పు తెగిందనో, నీళ్లు తాగాలనో, అమ్మ పిలుస్తోందనో చెప్తావు. అబద్ధమని అందరికీ తెలుసు, అయినా ఆగాల్సిందే. మరీ మాటిమాటికీ వాడితే తొండి అంటారు, ఆ లెక్క కూడా వాళ్లకుంది.

డచ్ చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లో ఆట మీద ఒక పుస్తకం రాశాడు. సంస్కృతి ఎదిగాక తీరిక దొరికి మనుషులు ఆటలు కనిపెట్టలేదు, కోర్టులూ కవిత్వమూ పూజలూ అన్నీ ఆటలోంచే రూపం దిద్దుకున్నాయన్నది ఆయన వాదన. ఆయన చెప్పిందంతా ఒప్పుకోనక్కర్లేదు, నాక్కూడా కొన్ని చోట్ల మరీ సాగదీశాడనిపిస్తుంది. కానీ ఒక మాట మాత్రం గట్టిది. ఆట అంటే ఎవరూ బలవంతపెట్టకుండా, మామూలు బతుక్కి కాస్త ఎడంగా, ఇంత చోటు, ఇంత సేపు అని హద్దు గీసుకుని ఆడేది. తొండి ఆడేవాడికంటే ఆట చెడగొట్టేవాడు ప్రమాదం అని కూడా అన్నాడు. తొండివాడు కనీసం రూల్స్ ఉన్నట్టు నటిస్తాడు. రెండోవాడు ఇదంతా ఉత్తిదే కదా అని వికెట్టు కుర్చీ తీసుకుని ఇంటికి పోతాడు.

ఆయన లెక్కలోకి రాని మూడోవాడు ఒకడున్నాడని నా అభిప్రాయం. వాడు తొండి ఆడడు, ఆట చెడగొట్టడు. ఆటని అయిపోనివ్వడు, అంతే. ఇవాళ మన చుట్టూ ఉన్నది ఎక్కువగా ఈ మూడోవాడి కనుసన్నల్లో నడిచే వ్యవహారమే.

మన దగ్గర వీడి కథ ఎప్పుడో ఉంది. సభాపర్వంలో జూదం అనగానే మనకి మొదటి జూదమే గుర్తొస్తుంది, ద్రౌపదిని ఒడ్డడం, వస్త్రాపహరణం. కానీ ఆ జూదం అక్కడితో అయిపోయింది. ధృతరాష్ట్రుడు భయపడి రాజ్యంతో సహా పోయినవన్నీ తిరిగిచ్చేశాడు, పాండవులు రథాలెక్కి ఇంద్రప్రస్థానికి బయల్దేరారు కూడా. దారిలో ఉండగా ప్రాతికామి అనే వార్తాహరుడు వెనకే వచ్చి, సభ తీరి ఉంది, ఇంకో ఆటకి రమ్మంటున్నారని చెప్పాడు. ఒక్క పందెమే, ఓడినవాళ్లు 12 ఏళ్లు అడవిలో, ఒక ఏడు అజ్ఞాతంలో. ధర్మరాజు, ఇది నాశనానికేనని తెలిసీ వెనక్కి తిరిగాడు. అడవికి పంపింది మొదటి ఆట కాదండీ, ఇంటికెళ్లేవాణ్ని వెనక్కి పిలిచిన రెండో ఆట. ఆడేదేమో శకుని, ఒడ్డేదేమో దుర్యోధనుడు, అది వేరే సంగతి.

ఇప్పుడు మీ జేబులో ఫోను తీసి చూడండి. "మిమ్మల్ని మిస్సవుతున్నాం, ఈ రాత్రి 12 లోపల వస్తే వంద రూపాయల బోనస్." ఎవరండీ ఇతను? ప్రాతికామే కదా! (నవ్వులు) వ్యాసుడు ఒక్కసారే పంపాడు, వీళ్లు రోజుకి పదిసార్లు పంపుతున్నారు.

పేకాట గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే అది మన ఊరి కథ. 1963లో సికింద్రాబాద్‌లో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు, పదమూడు ముక్కలాట. కేసు పెట్టింది నిజాం కాలం నాటి హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం కింద, అప్పటి ఫసలీ క్యాలెండర్ లెక్కలో 1305 నాటిది. అది సాగిసాగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1967లో తీర్పొచ్చింది. మూడుముక్కలాట లాంటిది కాదిది, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది కోర్టు. పంచేటప్పుడు అదృష్టం ఉంటుంది, నిజమే, బ్రిడ్జిలోనూ అంతే కదా అంది. రమ్మీ ఆడినవాళ్లెవరైనా ఒప్పుకునే మాటే ఇది. క్లబ్బులో కూర్చుని ఆడినవాడికి ఇంకొకటి కూడా తెలుసు, పేక బాగా పడకపోతే మొదట్లోనే డ్రాప్ అనొచ్చు. కొన్ని పాయింట్లు పోతాయి, పూర్తిగా ఓడితే పడే ఫుల్ కౌంట్ 80 మాత్రం తప్పుతుంది. బయటపడే దారి ఆటలోపలే ఉంది. పైగా క్లబ్బుకి తాళం వేసే టైముంది, ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతుందన్న భయం ఉంది, ఎదురుగా కూర్చున్నవాడు మన పక్కింటివాడే కాబట్టి జేబు పూర్తిగా ఖాళీ అవుతుంటే ఇక చాల్లే బావా అనేవాడూ ఉంటాడు.

అదే ఆట ఫోన్లోకొచ్చింది. తాళం లేదు, బావ లేడు. తెల్లారుజామున మూడింటికి కూడా టేబుల్ మీద ఆరుగురు రెడీగా ఉంటారు, వాళ్లెవరో మనకి తెలియదు. కోర్టు చెప్పిన ఆ నైపుణ్యం అన్న మాటని కంపెనీలు తీసుకెళ్లి హోర్డింగుల మీద పెట్టుకున్నాయి, ఇది జూదం కాదు, బుర్రతో ఆడే ఆట అని. నాకు దీని మీదే ఎక్కువ కోపం. అదృష్టం మీద ఓడినవాడు రాత బాగాలేదని దులుపుకుని లేస్తాడు. బుర్రతో ఆడే ఆట అని నమ్మించి ఓడించారనుకోండి, వాడు లేవడు. నాకు తెలివి తక్కువా అనుకుంటాడు, ఇంకొక్కటి ఆడి చూపిస్తానంటాడు. మనిషిని కుర్చీలో కట్టేయడానికి అదృష్టంకంటే తెలివి అన్న మాట గట్టి తాడు. తెలంగాణ 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. అయినా లొకేషన్ మార్చే యాప్‌లు వేసుకుని ఆడినవాళ్లు ఆడారు, అప్పుల పాలైన ఇళ్లు మీకూ ఒకటో రెండో తెలిసే ఉంటాయి, ఎక్కువ చెప్పను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తగువు పక్కన పెట్టేసి, డబ్బు కట్టి డబ్బు ఆశపడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపమంది. మంచిదే అనుకుంటాను. కాకపోతే డబ్బు లేని చోట కూడా ఈ పద్ధతే నడుస్తోంది, దానికి చట్టం లేదు.

ఒక బిర్యానీ హోటల్ ముందు రాత్రి పూట డెలివరీ కుర్రాళ్లు బైకుల మీద కూర్చుని ఉంటారు, చూసే ఉంటారు. మొన్న ఒకబ్బాయితో మాట్లాడుతుంటే ఫోన్ చూపించాడు. తెరమీద ఒక పచ్చగీత, దాని చివర ఒక బొమ్మ. ఆ గీత నిండితే ఇన్సెంటివ్. ఇంకో రెండు ఆర్డర్లు కావాలి, పదకొండు లోపల. నిన్న కూడా రెండే మిగిలాయి సార్ అన్నాడు. ఎప్పుడూ రెండే ఎందుకు మిగులుతాయి తమ్ముడూ అంటే నవ్వాడు. గీత పొడవు ఎంతో కంపెనీ నిర్ణయిస్తుంది, వారానికోసారి మారుస్తుంది, ఎందుకు మార్చిందో చెప్పదు. గల్లీ క్రికెట్ పిల్లాడికున్న హక్కు, ఇదేం రూలు రా అని బ్యాటు నేలకేసి కొట్టే హక్కు, ఇరవై అయిదేళ్ల ఈ అబ్బాయికి లేదు. అతనికి టైంప్లీజ్ కూడా లేదు, ఆర్డర్ వద్దంటే రేటింగ్ పడిపోతుంది. బొమ్మలు, రంగులు, గీతలు అన్నీ ఆటవే. ఆడేది మాత్రం పెట్రోలు కోసం.

పదివేల అడుగుల సంగతి కూడా ఒక మాట. అదేదో డాక్టర్లు తేల్చిన లెక్కనుకుంటారు చాలామంది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటరు అమ్ముతూ దానికి పెట్టిన పేరది, పదివేల అడుగుల మీటరు అని. కేబీఆర్ పార్కు చుట్టూ నడిచొచ్చి, ఇంకా మూడొందలు తక్కువయ్యాయని సోఫా చుట్టూ తిరిగేవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఎవరని అడక్కండి, మా ఆవిడ ఇక్కడే ఉంది. (నవ్వులు)

ఇక అసలు పెద్ద ఆట. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్లండి, గ్రూప్స్‌కి చదివే పిల్లలు కనిపిస్తారు. టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్, కుర్చీ కోసం పొద్దున్నే క్యూ. వాళ్లకి జరిగింది చూడండి. 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. మళ్లీ జూన్‌లో రాశారు, సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్లీ ప్రిలిమ్స్. గెలిచామనుకున్నవాళ్లకీ గెలుపు లేదు, ఓడినవాళ్లకీ ఓటమి లేదు. ఓడిపోతే ఊరికెళ్లి ఏదో ఒకటి చేసుకునేవాళ్లు, అదీ లేకుండా రూము అద్దె కట్టుకుంటూ ఆగిపోయారు. ఓటమిని కూడా సరిగ్గా ఇవ్వని ఆటని ఏమనాలో నాకు తెలియదు.

ఇంటర్ పిల్లల గురించి మీకు నేను చెప్పేదేముంది? రిజల్ట్స్ రోజు టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఊపిరాడకుండా చదివే ప్రకటన వింటూనే పెరిగాం అందరం. ఆ ప్రకటనలో రాని నంబర్లవాళ్లు కదా ఈ హాలు నిండా ఉన్నాం. వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. వీడియో గేమ్‌లో లెవెల్ పోతే మళ్లీ మొదట్నుంచి ఆడతాడు, ఎవరికీ తెలియదు. ఇక్కడ సెక్షన్ పడిపోతే హాస్టల్ గది మారుతుంది, స్నేహితులు మారతారు, ఆ సాయంత్రం నాన్నకి మెసేజ్ వెళ్తుంది. పోటీ తప్పని నేననను. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ, ఏదో ఒక వడపోత ఉండాలి. కానీ దీన్ని పిల్లలకి ఆట భాషలో చెప్పకండి, ఛాంపియన్, విన్నర్, రేసు అంటూ. రేసులో ఓడినవాడు కూడా సాయంత్రానికి బూట్లు విప్పేస్తాడు.

మన పాత వైకుంఠపాళి పటం చూశారా? ముక్కోటి ఏకాదశి జాగారానికి ఇంట్లో పరిచేవాళ్లు. దాంట్లో తెలివికి పనే లేదు, గవ్వలు ఎటు పడితే అటు. మీద దాకా వెళ్లాక పెద్ద పాము నోట్లో పడితే సరాసరి కిందికే. అత్తగారు పడుతుంది, కోడలు నిచ్చెనెక్కుతుంది, ఆ ఒక్క రాత్రి కోడలు పగలబడి నవ్వొచ్చు. ఎవరి తప్పూ లేదు. అదే పటం ఇంగ్లండు వెళ్లి పాములూ నిచ్చెనల ఆటగా తిరిగొచ్చింది, అది అందరికీ తెలిసిందే. నాకు ముఖ్యమనిపించేదల్లా అదృష్టానికి పూర్తిగా చోటిచ్చిన ఆట అది, అందుకే అందులో ఓడినవాణ్ని ఎవరూ నువ్వు సరిగ్గా కష్టపడలేదు అనలేదు.

బతుకమ్మ కూడా చెప్పాలి. తొమ్మిది రోజులు ఆడతారు, గునుగు, తంగేడు పేర్చి, చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టి పాడతారు. చీకటి పడ్డాక చెరువులో వదిలి, తెచ్చుకున్న సత్తుపిండి ఒకరికొకరు పంచుకుని ఇంటికెళ్తారు. ఎవరు గెలిచారని అడిగితే పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు. అలాంటిదాన్ని 2016లో ఎల్‌బీ స్టేడియంలో గిన్నిస్ రికార్డు కోసం వేలమందితో ఆడించాం. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉత్తమ బతుకమ్మకి బహుమతి, జడ్జీలుగా ముగ్గురు, ఎత్తుకిన్ని మార్కులు, అలంకారానికిన్ని. మా అపార్ట్‌మెంట్‌లో పోయినేడు రెండో బహుమతి వచ్చినావిడ, జడ్జీ మొదటి బహుమతి వచ్చినావిడకి బంధువని చెప్పి సత్తుపిండి పంచకుండానే లిఫ్ట్ ఎక్కేసింది. గెలుపన్నదే లేని ఆటకి గెలుపు తగిలిస్తే మొదట పోయేది సత్తుపిండే. (నవ్వులు)

నాకు చెప్పాలనిపించింది ఇంతే. టైముంది కాబట్టి ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రేక్షకుల నుంచి: సార్, మా బాబుకి ఏడేళ్లు. చెస్ కోచింగ్‌లో వేద్దామనుకుంటున్నాం. మీరు చెప్పినదాన్ని బట్టి వెయ్యాలా వద్దా?)

వెయ్యండమ్మా, హాయిగా వెయ్యండి. హంపి, హారిక, మన వరంగల్ అబ్బాయి అర్జున్ 2024లో 2800 రేటింగ్ దాటడం, ఇవన్నీ చూసి మీకు ఆశ పుట్టడం సహజం. చెస్‌లో నాకు బాగా నచ్చేది ఏంటంటే, ఓడిపోతున్నానని తెలిస్తే రాజు పడేదాకా ఆగక్కర్లేదు, రిజైన్ చేసి చెయ్యి కలపొచ్చు. అది రూల్‌లోనే ఉంది, ఎవరూ పిరికివాడనరు. డ్రా అడగొచ్చు. గడియారం ఉంది కాబట్టి ఎప్పటికో అప్పటికి అవ్వాల్సిందే. అయ్యాక చాలాసార్లు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఇక్కడ గుర్రం ఇటు తిప్పితే ఏమయ్యేది అని మళ్లీ పావులు పేర్చి చూసుకుంటారు, గెలిచినవాడే ఓడినవాడికి చూపిస్తాడు. మీ వాడికి అది అలవాటైతే చాలు. కాకపోతే ఒక్కటి, మొదటి నెలలోనే రేటింగ్ ఎంత అని మాస్టార్ని అడక్కండి, మీవారిని కూడా అడగనివ్వకండి. ఆ వెనక చెయ్యెత్తారే, చారల చొక్కా ఆయన, మైకు అటివ్వండి.